ఐదు బారల తాడు

పోయిన వారం మా పెరటి నూతికి కొత్త తాడు వేయించాను. మోటారు పెట్టించి పాతికేళ్ళు దాటింది. బొక్కెన వేసి చేదే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు, ఆ అవసరమూ లేదు. అయినా రెండు మూడేళ్ళకోసారి వన్ టౌన్ వెళ్ళి కొబ్బరి తాడు కొనుక్కొస్తాను. కొట్లో కుర్రాడు మీటర్లలో అడుగుతాడు, నేను బారల్లో చెబుతాను, కాసేపు ఇద్దరం పోట్లాడుకుంటాం. చివరికి నేను రెండు చేతులూ బార్లా చాపి కొలుచుకుంటే గాని గొడవ తేలదు. కొత్త తాడుని మొదటిసారి నీళ్ళలో ముంచి పైకి లాగితే నానిన పీచు వాసన గుప్పుమంటుంది. ఆ వాసన తగిలిందంటే లస్కరు పోలయ్యగారు నా ఎదుట నుంచున్నట్టే. మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన పంచె, వెలిసిపోయిన ఖాకీ చొక్కా, చంకలో గొడుగు. వానొచ్చినా ఆ గొడుగు విప్పేవారు కాదు, తడిసి పాడవుతుందని. "మీకీ తాళ్ళ పిచ్చి ఏమిటండీ" అంటుంది మా ఆవిడ సుశీల. ఎందుకో ఆవిడకి తెలుసు. ఊరికే అంటుంది.

డెబ్బైల మొదట్లో నేను బెజవాడ కాలవల ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మాది తిరువూరు అవతల మెట్ట ఊరు. మెట్టవాడికి నీళ్ళంటే ఆకాశంలోంచి పడాలి, లేదా నూతిలోంచి తోడాలి. ఊరంతా కాలవలు పారడం, ఆ పారకానికి ఒక ఆఫీసు, అందులో ఫైళ్ళు, ఆ ఫైళ్ళు చూడ్డానికి నేను, ఇదంతా నాకు కొత్త. లస్కరు అంటే కాలవ కాపలా మనిషి. లాకుల తలుపులు ఎత్తడం, దించడం, గట్టు మీద తిరిగి గండి పడకుండా చూడటం, నీటి మట్టం చూపించే గేజి రాయి దగ్గర రోజూ అంకె చూసి రాయడం అతని పని. ఉద్యోగంలో నాకంటే కింద, వయసులో మా నాన్నంత. అయినా అప్పట్లో నేనాయన్ని "పోలయ్యా, నువ్వు" అనేవాణ్ణి. ఆఫీసులో అందరూ అట్లాగే అనేవాళ్ళు. ఆయన నన్ను "గుమస్తాగారూ" అనేవారు.

మా మొదటి గొడవ ఒక అంగుళం మీద వచ్చింది. ఆ రోజు వాన ముంచేస్తోంది. మధ్యాహ్నం లోపల నీటి లెక్కల కాగితం పైఆఫీసుకి పంపాలి. పోలయ్యగారి పుస్తకంలో ఆ పొద్దుటి గడి ఖాళీగా ఉంది. గట్టు మీద చెట్టు పడితే అది తీయించేసరికి గేజి చూసే వేళ దాటిపోయిందట.

"నిన్న ఎంతుంది?" అన్నాను.

"మూడు అడుగుల నాలుగంగుళాలండి."

"అదే వేసెయ్."

"నిన్నటి నీళ్ళు నిన్ననే పోయినయ్యండి. చూడకుండా ఎట్టా ఏస్తాను?"

నాకు ముక్కు మీద కోపం. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఒక్క అంకె కోసం ఆఫీసు ఆగుతుందా అని అరిచాను. ఆయన పుస్తకం చొక్కా లోపల పెట్టుకుని మూడు మైళ్ళు వెనక్కి నడిచి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి భోజనాల వేళ దాటింది. గొడుగు తప్ప ఒళ్ళంతా తడిసింది. మూడు అడుగుల అయిదంగుళాలు. "ఒక్క అంగుళం కోసమా ఇంత చేశావు?" అన్నాను. "అంగుళమో అడుగో చూస్తేగా తెలిసేదండి" అన్నారాయన. నేను ఆ అంకె వేసి కాగితం పంపాను. ఆలస్యమైందని మా సూపర్వైజరు నన్ను చీవాట్లు పెట్టాడు. ఆ సాయంత్రమంతా పోలయ్యని తిట్టుకున్నాను.

అప్పుడు మేము వన్ టౌన్‌లో ఒక మేడ మీద రెండు గదుల వాటాలో అద్దెకుండేవాళ్ళం. కింద ఇంటాయన కాపురం, వీధి వైపు ఆయన నూనె కొట్టు. ఎదురుగా మిరపకాయల గోడౌను. పొద్దున్నే బస్తాలు దించుతుంటే సందంతా తుమ్ములే. నాన్న పోయాక ఊళ్ళో ఇల్లూ, రెండెకరాలూ అమ్మేసి అమ్మని నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఆ డబ్బు పోస్టాఫీసులో ఉంది, ఎప్పటికైనా బెజవాడలో ఒక ఇల్లు కొనాలని. ఎప్పటికైనా అన్న మాటకి తొందర లేదు కనుక హాయిగా ఉన్నాం. తెచ్చిన ఏడాదికి అమ్మకి కాళ్ళ వాపులూ, ఆయాసమూ మొదలయ్యాయి. గుండె నీరసించిందనీ, ఇక నెలల మాటేననీ డాక్టరుగారు నాతో చెప్పారు, అమ్మతో చెప్పలేదు. అమ్మకి చెప్పక్కర్లేకుండానే తెలిసింది.

ఒక రోజు ఇంటాయన నన్ను కొట్లోకి పిలిచి కుర్చీ వేశారు. కుర్చీ వేసినప్పుడే ఏదో ఉందనుకున్నాను.

"నరసింహంగారూ, మీ అమ్మగారు మా అమ్మలాంటివారండీ. అందుకే మొహమాటం లేకుండా అడుగుతున్నా. ఊళ్ళో దగ్గరవాళ్ళు ఎవరూ లేరా?"

"లేరండి. ఇల్లు కూడా అమ్మేశాం."

"అదికాదండీ. పోయేవాళ్ళు ఏ నక్షత్రంలో పోతారో మన చేతిలో లేదుగా. చెడ్డ నక్షత్రం తగిలిందనుకోండి, మూడు నెలలో ఆరు నెలలో ఇల్లు మూసెయ్యమంటారు. పైన మీరు, కింద మేము, వీధిలో కొట్టు. మేమెక్కడికి పోతామో చెప్పండి."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ ముందు వారమే అమ్మకని వాళ్ళావిడ చేత బార్లీ కాచి పంపించాడు. ఆయన భయం కూడా ఆయన పుట్టించింది కాదు. అద్దె ఇళ్ళలో అందరూ చేసేది ఒకటే: ఇక ఆఖరనుకున్నప్పుడు మనిషిని మంచంతో సహా బయటికి మోసుకొచ్చి వీధిలో పడుకోబెట్టేవాళ్ళు. ఇంట్లో పోలేదు కనుక ఇంటికి దోషం లేదు. మా సందులోనే ఒక ముసలాయన్ని అట్లా దించి తోపుడు బళ్ళ మధ్య టార్పాలిన్ కింద పడుకోబెట్టారు. రెండు రోజులు బతికాడు. మా కిటికీలోంచి అమ్మ అదంతా చూసింది. ఇంటాయన మాటలు అమ్మకి ఎవరు చేరవేశారో తెలీదు గాని, ఆ మర్నాడు కాఫీ ఇస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"నన్ను ఆ బళ్ళ మధ్య పడుకోబెట్టకురా" అంది.

అమ్మ నన్ను అడిగిన ఆఖరి కోరిక అదొక్కటే. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. నెల తిరక్కుండా సొంత ఇల్లు కొనాలి, అమ్మని అందులోకి చేర్చాలి. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారే గాని కొనేవాడు ఏం చూడాలో పెద్దలెవరూ చెప్పలేదు. నేను చూసింది మూడే. డబ్బుకి సరిపోవాలి, ఆఫీసుకి దగ్గరుండాలి, తాళం చెవి వెంటనే ఇవ్వాలి.

మే నెలలో ఒక బ్రోకరు అటువంటి ఇల్లే చూపించాడు. ఏలూరు కాలవ గట్టుకి దిగువన, కొత్తగా వేసిన వీధిలో. మూడు గదులు, ముందు అరుగు, పెరట్లో నుయ్యి, సున్నం వేసి తెల్లగా మెరిసిపోతోంది. అరుగు మీద కూర్చుంటే గాలి. ఎండలకి పెరడంతా గట్టిపడి గచ్చులాగా ఉంది. అమ్మ మంచం ఏ గదిలో వెయ్యాలో కూడా అనుకున్నాను. రెండోసారి చూడ్డానికి వెళ్తుంటే గట్టు మీద పోలయ్యగారు కనిపించారు. ఆ చుట్టుపక్కల మనుషులు తెలుసు కదా, అమ్మేవాళ్ళు ఎటువంటివాళ్ళో చెబుతాడని వెంట రమ్మన్నాను.

ఆయన ఇల్లు చూడలేదు. సరాసరి నూతి దగ్గరికి వెళ్ళారు. గిలక మీద ఉన్న తాడు పట్టుకుని చూసి, "కొత్త తాడేంటండి ఇది?" అన్నారు.

"అవునయ్యా, ఇల్లమ్ముతున్నాం కదా అని కొత్తది వేశాం" అన్నాడు అమ్మే ఆసామి.

"కొత్త తాడు ఏమీ చెప్పదండి. పాతదేదీ?"

ఆసామి నవ్వి పెరట్లో కట్టిన దండెం చూపించాడు. పాత తాడుని బట్టలారేసే దండెంగా కట్టేశారు. పోలయ్యగారు దాని మీద ఉన్న చీరని జాగ్రత్తగా పక్కకి జరిపి, ఈ కొస నుంచి ఆ కొసకి చేత్తో తడుముకుంటూ వెళ్ళారు. బ్రోకరు నాకేసి చూసి కన్ను గీటాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇల్లు చూడమని తీసుకొస్తే ఈయన దండెం చూస్తున్నాడు.

బయటికొచ్చాక గట్టెక్కి నిలబడి చెప్పారు. "నాలుగు బారల తాడండి అది. బొక్కెన కట్టిన కొస నుంచి బారన్నర దాకా అరిగి నల్లగా, నున్నగా ఉంది. ఆ పైన పీచు కూడా నలగలా. అంటే ఏడాదిలో చానా రోజులు బారన్నర తాడుతోనే నీళ్ళు తోడుతున్నారు. గిలక మనిషెత్తు, అదొక బార. ఇంక మిగిలిందెంత? అర బార. నేలకి మూడడుగుల కింద నీళ్ళండి."

"ఇప్పుడు నూతిలో నీళ్ళు అంత కిందకి ఉన్నాయి కదా?"

"ఇప్పుడు కాలవ కట్టేశాంగదండీ."

కాలవల ఆఫీసులో గుమాస్తాని. ఏటా ఎండాకాలం మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారనీ, జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదులుతారనీ ఆ కాగితాలు రాసింది నేను. కాలవ ఎండితే పక్కన నేల ఎండుతుందనీ, కాలవ నిండితే గట్టు కింద ఊట లేస్తుందనీ నాకు తట్టలేదు. మెట్టవాణ్ణి కదా, ఎండాకాలం నేల ఎండితే ఎండల వల్లనే అనుకున్నాను.

"నీళ్ళొదిలాక పది రోజులు పోనిచ్చి మళ్ళీ చూద్దారండి. పొడిగా ఉంటే కొనుక్కోండి. ఎంతండి, నెలే."

"నెల ఆగడానికి నాకు టైము లేదు. ఆదివారం అగ్రిమెంటు రాసుకోకపోతే ఇంకొకళ్ళు కొనేస్తారట."

"అమ్మేవాళ్ళందరికీ ఇంకొకళ్ళు ఉంటారండి."

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. "తలుపులెత్తే లస్కరువి, ఇళ్ళ సంగతి నీకేం తెలుసు?" అనేశాను. ఆయన గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని గట్టు మీద వెళ్ళిపోయారు. అడుసు తొక్కాక కాలు కడుక్కోవడం తేలికే గాని, నోరు జారిన మాటకి అంత వీలుండదు. ఇంటికెళ్ళి ఇదంతా చెబితే సుశీల నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ అన్నం వడ్డిస్తూ, "నెల ఆగమన్నందుకా తిట్టారు?" అని మాత్రం అడిగింది.

మర్నాడు పొద్దున్నే పోలయ్యగారు ఆఫీసుకి వచ్చారు. ఆ వేళ ఆయన రావలసిన రోజు కాదు. నా బల్ల పక్కన నిలబడి చిన్నగా మాట్లాడారు.

"మీ తొందర అమ్మగారి గురించటగా. నిన్న బ్రోకరు చెప్పాడండి."

"అవును."

"రెండు తొందరలు కలిపేసుకుంటున్నారండి మీరు. అమ్మగారి తొందర నాకొదిలెయ్యండి. భవానీపురంలో మాకు పెంకుటిల్లుంది. ముందుగది ఖాళీయే. తీసుకొచ్చెయ్యండి. ఇల్లు తాపీగా చూసి కొనుక్కుందురుగాని."

"మా ఇంటాయన ఎందుకు భయపడుతున్నాడో తెలుసా నీకు?" అన్నాను.

"ఊళ్ళో తెలియందెవరికండి. మా అయ్య సముద్రం మీద పడవలోనే పోయాడు. ఏ నక్షత్రమని అడిగే తీరిక ఎవరికుందప్పుడు?"

వాళ్ళది నాగాయలంక వైపు చేపల వేట కుటుంబం. తండ్రి పోయాక వేట మానేసి, కాలవ పనిలో చేరి, ఇటు వచ్చేశారు. నిన్న తిట్టిన మనిషి ఇంటికి అమ్మని ఏ మొహం పెట్టుకుని తీసుకెళ్ళను? అదే మాట సుశీలతో అన్నాను. "మీ మొహం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు రిక్షా పిలవండి" అంది. ఆదివారం అగ్రిమెంటుకి వెళ్ళాల్సిన వేళకి మేము అమ్మని రిక్షాలో కూర్చోబెట్టుకుని భవానీపురం వెళ్ళాం. బ్రోకరు ఆ తర్వాత నెల రోజులు నన్ను చూస్తే మొహం తిప్పుకున్నాడు.

పోలయ్యగారి ఇల్లు రెండే గదులు. ముందుగది అమ్మకిచ్చి ఆయనా, భార్య రాములమ్మగారూ వెనక వంటగదిలోకి జరిగారు. ఆవిడ మా అమ్మకి గంజి కాచి పట్టేది, తల దువ్వేది, సముద్రం కబుర్లు చెప్పేది. సముద్రం ఎన్నడూ చూడని మా అమ్మ నీళ్ళు పొంగే పోటుకీ, వెనక్కి తీసే పాటుకీ తేడా నేర్చుకుని నాకు చెప్పేది. మేమిద్దరం ఆఫీసయ్యాక రోజూ వెళ్ళేవాళ్ళం, రాత్రికి సుశీల అక్కడే ఉండేది. ఇది మనం కొన్న ఇల్లేనని అమ్మతో చెబుదామా అని ఒకసారి సుశీలని అడిగాను. అమ్మ మంచం మీంచే వినేసింది. "నాకు తెలుసులేరా. ఎవరిదైతేనేం, పొమ్మనే వాళ్ళు లేరు" అంది.

జూన్‌లో కాలవలకి నీళ్ళు వదిలారు. లెక్కపెట్టుకుని పదకొండో రోజున పోలయ్యగారు నన్ను మళ్ళీ ఆ ఇంటికి తీసుకెళ్ళారు. ఇల్లింకా అమ్ముడుపోలేదు. ఆ ఇంకొకళ్ళు రాలేదన్నమాట. ఆసామి మమ్మల్ని చూసి ఇబ్బందిగా నవ్వాడు. నూతిలోకి తొంగి చూస్తే నా మొహం నాకు దగ్గర్లోనే కనిపించింది. చెంబు పట్టుకుని వంగితే నీళ్ళందేటట్టున్నాయి. లోపల, నేను అమ్మ మంచం వేద్దామనుకున్న గదిలో, గోడ కింద మూరెడెత్తున చెమ్మ ఎగబాకి కొత్త సున్నం పొక్కులు లేచింది. కాలు పెడితే నేల చల్లగా అంటుకుంది. ఆయాసం మనిషిని అందులో పడుకోబెట్టి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను.

పోలయ్యగారు నావైపు చూడను కూడా లేదు. ఆసామితో మాట్లాడుతున్నారు. "ఇల్లు గట్టిదేనండి. గచ్చు లేపి అడుగున్నర ఇసక పోయించండి. ఆ మూల కాలవ తీసి ఊట నీళ్ళు బయటికి పంపండి. అప్పుడు కొనేవాళ్ళకి చెప్పే అమ్మండి, మీ రేటు మీకొస్తది." ఆసామి తల ఊపి ఒక కాగితం మీద రాసుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు గట్టు మీద క్షమాపణ చెబుదామని మొదలుపెట్టాను. "గేజి చూసే వేళయిందండి" అని ఆయన గబగబా నడిచారు.

అమ్మ శ్రావణ మాసంలో పోయింది. తెల్లారి, రాములమ్మగారు మొహం తుడుస్తుండగా, ఒక ఇంటి కప్పు కింద, మంచం మీద. ఆ పెంకుల వైపు చూస్తూనే పోయింది. అమ్మ అడిగింది ఒక్కటే, అది జరిగింది. ఏడ్చాను గాని, ఆ ఏడుపులో ఒక నిమ్మళం కూడా ఉంది. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు. నక్షత్రం సంగతి నాకు గుర్తు రాలేదు. ఎవరూ గుర్తు చెయ్యలేదు.

పెద్దకర్మ అయ్యాక ఒక సాయంత్రం ఆఫీసు పని మీద లాకుల దగ్గరికి వెళ్ళాను. అక్కడ పనిముట్లు పెట్టుకునే రేకుల షెడ్డు ఒకటి ఉంది. షెడ్డు ముందు మూడు రాళ్ళ మీద రాములమ్మగారు అన్నం వండుతోంది. లోపల తాడు మీద పక్కబట్టలు, గోడకి అమ్మ వాడిన గంజి గిన్నె. నన్ను చూసి ఆవిడ కంగారుగా లేచింది. పోలయ్యగారు లాకు దగ్గర్నుంచి వచ్చారు.

"ఇదేమిటి, ఇక్కడున్నారు?"

"గాలి బాగుంటదండి ఇక్కడ."

"పోలయ్యా, నిజం చెప్పు."

ఆయన నీళ్ళకేసి చూస్తూ చెప్పారు. "ధనిష్ఠా పంచకంలో పడిందటండి. మూడు నెలలు మూసెయ్యమన్నారు. ఎంతండి, దీపావళి దాటగానే ఎల్లిపోతాం."

"పడవలో నక్షత్రం అడగలేదన్నావుగా!"

"పడవలో అడగలేదండి. ఇంటికాడ మా ఆడది అడిగింది."

"ఇట్లా అవుతుందని ముందే చెప్పొచ్చు కదా నాకు!"

"ముందే చెప్తే అమ్మగార్ని తీసుకొచ్చేవారా మీరు?"

రాములమ్మగారు తల వంచుకుని పొయ్యి ఊదుతోంది. ఆవిడకి నక్షత్రం మీద నమ్మకం ఉంది, అయినా గంజి కాచింది. మా ఇంటాయన దేనికి భయపడ్డాడో సరిగ్గా అదే వీళ్ళ మీద పడింది. పడొచ్చని వీళ్ళకి ముందే తెలుసు. మా వాటాకి వచ్చి ఉండండని బతిమాలాను. మేడ మీద ఊపిరాడదని నవ్వేశారు. ఆ వానాకాలం మూడు నెలలూ వాళ్ళు ఆ రేకుల కిందే ఉన్నారు. నేను ఆయన్ని "మీరు" అనడం ఆ సాయంత్రం మొదలైంది. మొదట్లో ఆయనకది ఇబ్బందిగా ఉండేది. ఆఫీసులో నలుగురిలో అంటే నవ్వుతారండీ అని బతిమాలేవారు. నవ్వినవాళ్ళు నవ్వారు.

ఇప్పుడు మేముంటున్న ఈ ఇల్లు ఆ తర్వాతి సంవత్సరం కొన్నాం. భవానీపురంలోనే, పోలయ్యగారి ఇంటికి రెండు వీధులవతల. కాలవ కట్టేసినప్పుడు ఒకసారి, ఏరు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, జడివానలో ఒకసారి చూశాం. "పెళ్ళికొడుకు కూడా ఒక్కసారే చూస్తాడు కదండీ పిల్లని" అని ఆసామి విసుక్కున్నాడు. నూతి తాడు కొత్తదా పాతదా అని నేనే చూశాను. పాతదే. నాలుగు బారల దాకా అరిగింది. పాలు పోసే ఆవిణ్ణి కూడా అడగమన్నారు పోలయ్యగారు. అడిగితే, వీధిలో ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో, ఎక్కడ నిలవవో వేలు పెట్టి చూపించింది. ఇంటి మీద తాకట్టేమీ లేదని రిజిస్ట్రారాఫీసు నుంచి కాగితం తీయించాను. దస్తావేజు రాసేటప్పుడు, అంకెలు తప్ప చదువు రాని పోలయ్యగారు హద్దులు రెండుసార్లు పైకి చదివించుకుని, మర్నాడు వెళ్ళి నాలుగు వైపులా అడుగులేసి చూసి వచ్చారు. దక్షిణం వైపు ఒక గజం తేడా వచ్చింది. దాన్ని దిద్దించాకే సంతకం పెట్టాను. ఆలస్యమైనా నాకు కోపం రాలేదు. కొంచెం వచ్చింది గాని, బయటికి కనపడనివ్వలేదు.

గృహప్రవేశానికి ఆయన ఒక కొబ్బరి తాడు తెచ్చారు. తనే పీచు నానబెట్టి, రాములమ్మగారి చేత పేనించి, తను మెలేశారట. "ఐదు బారలండి. నాలుగు చాలు. ఒకటి కరువొస్తే" అన్నారు. ఆ తాడు తొమ్మిదేళ్ళు వచ్చింది. రిటైరయ్యాక ఇద్దరూ ఇల్లమ్మేసి సముద్రం వైపు సొంతూరికి వెళ్ళిపోయారు. ఆయన పోయిన సంగతి నాకు పదిహేను రోజులు ఆలస్యంగా తెలిసింది. వెళ్ళి చూస్తే రాములమ్మగారు ఆ గొడుగు నా చేతిలో పెట్టింది. విప్పి చూశాను. ఒక్క చుక్క నీటి మరక లేదు. ఆ ఊళ్ళో అంతమంది ముందు నిలబడి ఏడ్చాను.

మా మేడ మీద వాటాలో సుధాకరని ఒక కంపెనీ ఉద్యోగి, భార్యతో అద్దెకుంటున్నాడు. రెండు నెలల క్రితం గుడివాడ నుంచి వాళ్ళ నాన్నగారిని తెచ్చుకున్నాడు. పెద్దాయనకి కాన్సరు, ఆసుపత్రివాళ్ళు ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారట. నేను తాడు వేయించిన సాయంత్రమే సుధాకర్ కిందికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అంకుల్, నెలాఖరుకి ఖాళీ చేద్దామనుకుంటున్నామండీ. మీకు ఇబ్బంది కాకుండా..."

"ఏం ఇబ్బంది?"

"నాన్నగారికి బాగోలేదు కదండీ. రేపు ఏదైనా అయితే, నక్షత్రాలూ అవీ ఉంటాయి కదా. మీరూ పెద్దవాళ్ళు."

ఆ కుర్రవాడు నన్ను అడగడానికి రాలేదు. నేను అడక్కముందే తనంతట తను వెళ్ళిపోవడానికి వచ్చాడు. ఒకప్పుడు నాకు కుర్చీ వేసి అడిగారు, ఇతను కుర్చీ దాకా కూడా రానివ్వలేదు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీలేదు. లోపల్నుంచి సుశీల వచ్చి గుమ్మంలో నుంచుంది. ఆవిడకి పంచాంగం చూడందే పొద్దు గడవదు. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

"ముందుగది ఖాళీ చేద్దామా?" అంది ఆవిడే.

"మూడు నెలలు మూసెయ్యమంటే?" అన్నాను. ఆవిడ నోటితో చెప్పిస్తే గాని నాకు ధైర్యం లేదు.

"మీకు షెడ్డు లేకపోతే పోయె, మా అక్కయ్య ఇల్లుంది."

మర్నాడు నలుగురం పట్టి పెద్దాయన్ని మంచంతో సహా దింపాం. వీధిలోకి కాదు, మా ముందుగదిలోకి. కిటికీ పక్కన వేశాం, నూతి గట్టు కనపడుతుంది. పడుకున్నాక ఆయన చాలాసేపు మా కప్పుకేసి చూసి అడిగారు.

"ఇక్కడెన్నాళ్ళు ఉండొచ్చు బాబూ?"

"ఉన్నన్నాళ్ళూ ఉండండి" అన్నాను.

నీళ్ళు కావాలన్నారు. మోటారు వెయ్యబోతే, నూతి నీళ్ళు తాగి ఎన్నాళ్ళయిందో అన్నారు. పెరట్లోకి వెళ్ళి కొత్త తాడు వదిలాను. బొక్కెన నీళ్ళని తాకేసరికి నాలుగు బారలు పట్టింది. ఇంకొక బార నా చేతిలోనే మిగిలింది.